బెల్లం బండికి అడ్డు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో సరుకు మీద అధికారం

గోదావరికి దక్షిణాన, పూర్వపు కరీంనగర్ జిల్లా పడమటి భాగంలో ఉన్న జగిత్యాల, కోరుట్ల పట్టణాలకూ, మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్లకూ చరిత్ర గ్రంథాల్లో దక్కిన చోటు చాలా చిన్నది. ఆ కొద్దిపాటి చోటు కూడా కోటలకూ రైతాంగ పోరాటాలకూ దక్కిందే తప్ప, వారం వారం సంతకు వచ్చే సరుకుకు దక్కలేదు. అయితే ఈ ప్రాంతపు జీవనం నడిచింది పసుపు, చెరకు, బెల్లం, బీడీ, నేత గుడ్డ వంటి రోజువారీ సరుకుల మీదే. ఆ సరుకుల్లో దాదాపు ప్రతిదానికీ ఏదో ఒక కాలంలో, ఏదో ఒక శాఖకు చెందిన అధికారి అడ్డం నిలబడ్డాడు. చట్టం ఒప్పుకున్న సరుకును దారిలో ఆపడానికి, గోదాముకు సీలు వేయడానికి, వ్యాపారిని ఠాణాకు పిలిపించడానికి అధికారికి ఎంతవరకు హక్కు ఉందన్న ప్రశ్నకు ఒక్కొక్క సరుకు విషయంలో ఒక్కొక్క విధమైన జవాబు దొరికింది. ఆ జవాబులన్నిటిలోకీ చిక్కుముడి నల్లబెల్లానిది. దాన్ని అర్థం చేసుకోవాలంటే అంతకుముందటి కథ కొంత తెలియాలి.

ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఎలగందుల జిల్లాకు చెందినది. జిల్లా కేంద్రం 1905లో ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారింది. ఆ రాజ్యంలో సరుకు మీద వసూలు చేసే సుంకాన్ని కరోడ్‌గిరి అనేవారు. దారి వెంట నాకాల దగ్గర, అంటే తనిఖీ చౌకీల దగ్గర, సరుకు దాటినందుకు తీసుకునే పన్నును రాహదారి అనేవారు. ఈస్ట్ ఇండియా కంపెనీకీ నిజాంకూ మధ్య 1802లో కుదిరిన వాణిజ్య ఒప్పందం ఇరు రాజ్యాల మధ్య నడిచే సరుకుపై సుంకాన్ని విలువలో 5 శాతానికి పరిమితం చేసింది. కానీ రాజ్యం లోపలి జాగీరులు, సంస్థానాల నాకాలు ఆ కాగితాన్ని పెద్దగా పట్టించుకోలేదు. జాగీరు అంటే రెవెన్యూ వసూలు హక్కును ఒక కుటుంబానికి అప్పగించిన భూభాగం కనుక, ఆ హద్దులో సరుకు కాలు పెట్టడమే జాగీర్దారుకు ఆదాయం. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ సుంకాల వసూలును గుత్తేదారుల చేతి నుంచి సర్కారు చేతికి తెచ్చి, లోపలి రాహదారి పన్నులను చాలావరకు తొలగించాడు. ఈ సంస్కరణను సాధారణంగా ఖజానా కోణం నుంచే మెచ్చుకుంటారు. ఎద్దుబండి మీద సరుకు తోలుకుపోయే కోమటికి, బంజారాకు, నేతగాడికి దానివల్ల కలిగిన మేలు వేరు: ఎవరికి చెల్లించాలో, ఎంత చెల్లించాలో ముందే తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధం ఆ నిశ్చింతను చెరిపేసింది. ధాన్యానికి లెవీ వచ్చింది. అంటే రైతు పండించినదాంట్లో నిర్ణీత భాగాన్ని సర్కారు చెప్పిన ధరకు అప్పగించడం నిర్బంధమైంది. నూలుకూ గుడ్డకూ కంట్రోలు వచ్చింది. లెవీ కొలతలో పటేల్, పట్వారీల మాటే చెల్లడం వల్ల పెద్ద భూస్వామి గాదె నిండుగా ఉండగా చిన్నరైతు గరిసె ఖాళీ అయింది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి దారితీసిన కోపంలో వెట్టితోపాటు ఈ లెవీకి కూడా పెద్ద వాటా ఉంది. సరుకు మీది అధికారం న్యాయమైనదా కాదా అన్నది శాసనం అక్షరాల్లో కాక, కొలిచే చేతిలో తేలుతుందని ఈ ప్రాంతం అప్పుడే చవిచూసింది.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ వ్యవహారానికి కొత్త భాషనిచ్చింది. 19వ అధికరణంలోని (1)(జి) ఉపఖండం ప్రతి పౌరుడికీ ఇష్టమైన వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కునిచ్చింది. అదే అధికరణంలోని 6వ ఖండం ప్రజాహితం కోసం ఆ హక్కు మీద సహేతుకమైన పరిమితులు విధించే వీలును రాజ్యానికి ఉంచింది. 301వ అధికరణం దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలన్నది. హైదరాబాద్ అప్పటికి ‘బి’ తరగతి రాష్ట్రం, అంటే విలీనమైన సంస్థానాల వర్గంలోనిది. అటువంటి రాష్ట్రాలు కేంద్రంతో ఒప్పందం మేరకు కొంతకాలం పాత అంతర్గత సుంకాలను కొనసాగించుకోవడానికి 306వ అధికరణం అవకాశమిచ్చింది. 1956లో ఆ అధికరణమే రద్దయింది. కరోడ్‌గిరి నాకా ఇక జ్ఞాపకాల్లోకి వెళ్లింది.

కొత్త హక్కుకు తొలి అర్థం చెప్పిన తీర్పుల్లో చాలావరకు పెద్ద కర్మాగారాలవి కావు, చిల్లర సరుకులవి. 1950లో ఉత్తరప్రదేశ్‌లోని కైరానా పురపాలక సంఘం కూరగాయల టోకు వ్యాపారాన్ని ఒక్క వ్యక్తికే కట్టబెట్టి, మరొకరికి లైసెన్సు నిరాకరించినప్పుడు సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది చివర వచ్చిన చింతామణ్‌రావు తీర్పు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు మరింత దగ్గరిది, ఎందుకంటే అది బీడీలకు సంబంధించినది. మధ్యప్రదేశ్‌లోని సాగర్ జిల్లాలో, వ్యవసాయ పనుల కాలంలో కూలీలు దొరకాలన్న ఉద్దేశంతో, కొన్ని గ్రామాల వాళ్లెవరూ ఆ రోజుల్లో బీడీలు చుట్టకూడదని 1948 నాటి ఒక చట్టం కింద అధికారి ఉత్తర్వు వేశాడు. పొలానికి వెళ్లగలిగిన వాళ్లనే గాక, వెళ్లలేని ముసలివాళ్లను, వికలాంగులను, పిల్లలున్న ఆడవాళ్లను కూడా ఆ నిషేధం కట్టిపడేసిందనీ, సాధించదలచిన ప్రయోజనానికి మించి పోయిందనీ కోర్టు తప్పు పట్టింది. ప్రయోజనం మంచిదైనంత మాత్రాన దారి చెల్లదన్న సూత్రం ఇక్కడ బలంగా పాదుకొంది. ఇంటి గడపలో చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే వేలాది మంది స్త్రీల పని మీదనే కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, జగిత్యాల ఇళ్లు చాలా ఏళ్లు నడిచాయి కనుక, సాగర్ జిల్లా తీర్పు ఈ ఊళ్ల తీర్పు కూడా.

బీడీ చుట్టే తునికాకు విషయం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు దారిన నడిచింది. 1951లో రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ, ప్రభుత్వమే ఏదైనా వ్యాపారాన్ని గుత్తంగా నడపడానికి వీలు కల్పించింది. ఒడిశాలో తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు సుప్రీంకోర్టు ఆ గుత్తాధికారాన్ని సమర్థిస్తూనే, దాని పేరుతో మధ్యవర్తులు తమ లాభానికి వ్యాపారం చేసుకునే ఏర్పాటును ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్ 1971లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం చేసి ఇదే దారి పట్టింది. తునికాకును కొని అమ్మే హక్కు సర్కారుది; అడవి అంచున ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లానికి, అంటే కట్టలు లెక్కించి ఆరబెట్టే చోటుకు తెచ్చేవారికి దక్కేది కట్టకు ఇంత అన్న కూలి. ఎండాకాలపు ఈ పనిలో కట్ట ధర చుట్టూ నడిచిన ఆందోళనలు 1970ల నుంచి ఈ జిల్లా రాజకీయాలను మార్చాయి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు పోలీసుల అధికారం మనుషుల కదలిక మీదనే గాక, సహజంగా బండ్ల కదలిక మీద కూడా బిగుసుకుంది.

సిరిసిల్లలో పేచీ మరో రకం. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటారు. సేటు దగ్గర నూలు తెచ్చుకుని కూలికి గుడ్డ నేయించి ఇచ్చే చిన్న యజమానిని ఆసామి అంటారు. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టలను చేతిమగ్గానికే కేటాయించి, వాటిని మరమగ్గం మీద నేయడాన్ని నేరం చేసింది. మొదట 22గా ఉన్న ఆ రకాలు తర్వాత 11కు తగ్గాయి. సాంచాల యజమానులు దేశవ్యాప్తంగా దీన్ని సవాలు చేయగా, 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. ఈ తీర్పును వ్యాపార స్వేచ్ఛకు ఓటమిగా చదవడం తొందరపాటే అవుతుంది. తనిఖీ అధికారి సిరిసిల్ల షెడ్డులోకి అడుగు పెట్టినప్పుడు ఏ బట్ట, ఏ అంచు, ఏ నేత నిషిద్ధమో అతని చేతిలోని జాబితా చెబుతుంది. ఆ జాబితాలో లేని లంగా గుడ్డ మీద అతనికి మాట లేదు. నిషేధం కఠినమైనదే అయినా దాని అంచులు కనబడుతున్నాయి. బెల్లం విషయంలో లోపించినది అదే.

కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల నల్లరేగడిలో చెరకు పాత పంట. ముత్యంపేటలో నిజాం షుగర్స్‌కు ఒక కర్మాగారం ఉండేది, అది 2015 డిసెంబరులో మూతపడింది. కర్మాగారం తీసుకోని చెరకు, తీసుకున్నా డబ్బు ఆలస్యమయ్యే చెరకు గానుగ వైపు మళ్లేది. పొరుగున కామారెడ్డి బెల్లానికి పేరున్న మార్కెట్టు. గానుగలో రసాన్ని సరిగా శుద్ధి చేయకపోయినా, ముదురు పాకం పట్టినా, తడి తగిలి నిలవ పాడైనా బెల్లం నల్లగా, మెత్తగా, ఉప్పు రుచితో దిగుతుంది. దాన్ని నల్లబెల్లం అంటారు. పశువుల దాణాలో కలపడానికి అది చౌక సరుకు.

ఇదే బెల్లాన్ని నీళ్లలో నానబెట్టి పులియబెట్టి, పటిక, నవసాగరం వంటివి కలిపి కాస్తే గుడుంబా, అంటే దొంగసారా, దిగుతుంది. పటిక నీటిని తేర్చడానికీ మంగలి పనికీ వాడేది. నవసాగరం రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడానికి కావలసినది. మూడింటినీ ఒకే కిరాణా దుకాణంలో పట్టపగలు, ఏ చట్టమూ అడ్డుకోకుండా కొనవచ్చు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ నేరం కాదు. కుండలో కలిశాకే నేరం పుడుతుంది. అయితే ఆ కుండ అడవిలోనో వాగులోనో ఉంటుంది, దొరకదు. దుకాణం మాత్రం బజారులో, బోర్డుతో సహా దొరుకుతుంది. ఎక్సైజ్ సిబ్బంది చూపు కుండ మీద నుంచి దుకాణం మీదికి మళ్లడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కరలేదు.

ఈ మళ్లింపు 1990ల మద్య విధానం వల్ల ఉధృతమైంది. నిజాం కాలం నుంచి ఆబ్కారీ, అంటే మద్యం మీది పన్ను, రాజ్యానికి పెద్ద ఆదాయం; స్వాతంత్ర్యానంతరం కూడా సారా పాటలు, అంటే సారా అమ్మే హక్కు వేలాలు, జిల్లాల ఖజానాను నింపాయి. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో లేచిన స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చి, ఆ ఏడే దానికి చట్టం కూడా చేసింది. 1997లో విదేశీ మద్యం మీద నిషేధం సడలినా సారా మీద సడలలేదు. చట్టబద్ధమైన చౌక సారా మాయమైన చోట గుడుంబా పెరిగింది, దానితోపాటే బెల్లం లారీలను ఆపడం పెరిగింది. గుడుంబా తాగి కుటుంబాలు చితికిపోయిన మాట నిజం. దాన్ని అరికట్టమని అధికారుల మీద గట్టిగా ఒత్తిడి తెచ్చిందీ ఆ ఊళ్ల ఆడవాళ్లే. బెల్లం వ్యాపారి హక్కును గురించి రాసేవారు ఈ ఒత్తిడిని దాటవేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు.

అధికారులు ఆశ్రయించిన ఆధారం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టంలోని 34వ సెక్షన్. ఆ సెక్షన్‌లోని ‘ఇ’ ఖండం కల్లు మినహా మరే మత్తు పదార్థాన్నైనా తయారు చేయడం కోసం ముడిసరుకును, బట్టీ సామగ్రిని, పాత్రలను వాడడం, ఉంచుకోవడం, స్వాధీనంలో పెట్టుకోవడం నేరమంటుంది. వివాదమంతా ‘తయారు చేయడం కోసం’ అన్న షరతు చుట్టూ తిరిగింది. వ్యాపారి వాదన ప్రకారం బెల్లం తినుబండారం, దాణా. కొన్నవాడు ఇంటికి తీసుకుపోయి ఏం చేస్తాడో అమ్మినవాడు వెంటబడి చూడలేడు. అధికారి వాదన ప్రకారం ఊళ్లోని గొడ్లన్నీ కలిసి తిన్నా తరగనంత నల్లబెల్లం ఒక చిన్న దుకాణంలో దిగుతున్నప్పుడు, దాని గమ్యం తెలియదనడం నటన. రసాయన పరీక్షకుడి నివేదికలు సరుకు మనుషుల తిండికి పనికిరాదనీ, పులియడానికి పనికివస్తుందనీ చెప్పేవి. ఇందులో రెండో మాట బంగారంలా మెరిసే అనకాపల్లి అచ్చు బెల్లానికీ వర్తిస్తుందని గమనించిన వకీళ్లు ఆ నివేదికలను కోర్టుల్లో తేలికగానే ఎదుర్కొన్నారు.

ఈ తగువు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఫుల్ బెంచ్ ముందుకు, అంటే చిన్న ధర్మాసనాల అభిప్రాయాలు తేడాపడ్డప్పుడో ప్రశ్న పెద్దదైనప్పుడో కూర్చునే విస్తృత ధర్మాసనం ముందుకు, వెళ్లింది. వెళ్లిన కేసు కరీంనగర్ జిల్లాదే కావడం యాదృచ్ఛికం కాదు. ‘గణేష్ ట్రేడర్స్ వర్సెస్ జిల్లా కలెక్టర్, కరీంనగర్’ అన్న పేరుతో ఆ తీర్పు 2002 నాటి న్యాయ నివేదికల్లో అచ్చయింది. నల్లబెల్లం మత్తు పదార్థం కాదు గనుక ఎక్సైజ్ అధికారి దాని జోలికే రాకూడదన్న వాదన అక్కడ నెగ్గలేదు. సారా కాయడానికి ఉద్దేశించిన సరుకని నమ్మడానికి ఆధారం ఉన్నప్పుడు జప్తు చేసి కేసు నడపవచ్చని తేలింది. అదే సమయంలో సరుకు రంగు ఒక్కటే నేరం కాదు, ఉద్దేశాన్ని ఆధారాలతో చూపవలసి ఉంటుందన్నది కూడా ఆ సెక్షన్ మాటల్లోనే మిగిలి ఉంది. ఇరుపక్షాలూ ఆ తీర్పును తమ విజయంగానే చెప్పుకోగలిగాయి, చెప్పుకుంటూనే వచ్చాయి.

తర్వాతి సంవత్సరాల్లో బెల్లం వ్యాపారులు హైకోర్టుకు వెళ్లే పద్ధతి ఒక మూసలో పడింది. 226వ అధికరణం కింద మాండమస్ రిట్ కోరతారు. మాండమస్ అంటే ప్రభుత్వాధికారి తన చట్టబద్ధమైన విధి చేయాలనీ, చట్టం ఇవ్వని పని మానాలనీ హైకోర్టు ఇచ్చే ఆజ్ఞ. తమ చట్టబద్ధమైన బెల్లం వ్యాపారంలో పోలీసులు, ఎక్సైజ్ సిబ్బంది జోక్యం చేసుకోకుండా చూడమన్నది ప్రార్థన. దానికి వచ్చే ఉత్తర్వు సాధారణంగా రెండు అంచులది: చట్టబద్ధమైన వ్యాపారంలో తలదూర్చవద్దు, సారా తయారీకి సరఫరా జరుగుతున్నదన్న ఆధారం దొరికితే చట్టప్రకారం చర్య తీసుకోవచ్చు. దీనివల్ల ఒరిగిందేమిటని పెదవి విరిచేవారున్నారు. వ్యాపారికి మాత్రం ఒరిగింది: అంతవరకు నోటిమాటతో జరిగినదంతా కాగితం మీదికి రావలసి వచ్చింది. దుకాణానికి తాళం వేయమని చెప్పి వెళ్లిపోవడం, కొనుగోలుదారుల పేర్లు రాసిచ్చే వరకు ఠాణాలో కూర్చోబెట్టడం, లారీని నాలుగు రోజులు నిలబెట్టి ఊరుకోవడం వంటివి కేసు కాని ఇబ్బందులు. వాటికి పంచనామా ఉండదు, అప్పీలు ఉండదు. ఉత్తర్వు చేతికొచ్చాక అధికారి జప్తు చేయదలిస్తే సెక్షన్ పేరు రాయాలి, సాక్షులను పిలవాలి, సరుకు తూయాలి, రసీదు ఇవ్వాలి.

సరుకు పాడయ్యేదైతే ఈ కాగితం విలువ ఇంకా పెరుగుతుంది. వానాకాలం గాలిలో బెల్లం చెమ్మ పీల్చి కారిపోతుంది. జప్తు గోదాములో ఒక ముసురు గడిస్తే, చివరకు కేసు కొట్టివేసినా వ్యాపారికి తిరిగి అందేది బురద. ఎరువుల విషయంలో ఇదే జరిగిన ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక వ్యాపార సంస్థ ఎరువులను, ధాన్యాన్ని నిత్యావసర సరుకుల చట్టం కింద అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఎరువు పాడవుతుందని, అమ్మేయమని యజమాని మొరపెట్టుకున్నా పట్టించుకోలేదు. తర్వాత సరుకులో ఎక్కువ భాగాన్ని వదిలేయమని ఉత్తర్వు వచ్చేసరికి ఎరువు చెడిపోయింది. సార్వభౌమాధికారంతో చేసిన పనికి రాజ్యం పరిహారం ఇవ్వనక్కరలేదన్న ప్రభుత్వ వాదనను 1994లో ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ తీర్పు తిరస్కరించి, సిబ్బంది నిర్లక్ష్యానికి ప్రభుత్వమే నష్టం కట్టాలని నిర్ణయించింది. కేవలం పాలనాపరమైన ఆదేశంతో ఎవరి ఆస్తినీ తీసుకోరాదని, 300ఎ అధికరణం ప్రకారం దానికి చట్టం ఉండి తీరాలని అదే కోర్టు 1981లో ఉత్తరప్రదేశ్ గోధుమ వ్యాపారుల కేసులో చెప్పి ఉంది. నల్లబెల్లం కేసుల్లో సరుకునూ బండినీ పూచీకత్తు మీద విడిపించుకునే ప్రయత్నాల వెనక ఈ రెండు తీర్పుల నీడ ఉంది.

ఎక్సైజ్ చట్టంతో పని సాగనప్పుడు మరో రెండు సాధనాలు బయటికి వచ్చాయి. ఒకటి బైండోవర్, మంచి నడవడికకు పూచీ ఇస్తూ తహసీల్దారు ముందు బాండు రాయించుకోవడం. తెలంగాణ ఏర్పడ్డాక 2015 నుంచి ఉధృతంగా నడిచిన గుడుంబా నిర్మూలన కార్యక్రమంలో ఇది విరివిగా సాగింది. రెండోది 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం, వాడుకలో పీడీ యాక్ట్. విచారణ లేకుండా ఏడాది వరకు జైల్లో ఉంచగల చట్టమది. దానిలో బూట్‌లెగర్ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం దొంగసారా కాసేవాణ్ణే గాక, ఆ పనికి తెలిసి డబ్బో, వాహనమో, మరే సామగ్రో సమకూర్చేవాణ్ణి కూడా కలుపుకుంటుంది. ఇక్కడా కీలకం ‘తెలిసి’ అన్నదే. కోర్టులో నిరూపించవలసిన ఆ తెలివిడిని నిర్బంధ ఉత్తర్వులో అధికారి తనకు తానే నమ్మకంగా రాసుకోవచ్చు గనుక, వ్యాపారికి ఇది ఎక్సైజ్ కేసు కన్నా ఎన్నో రెట్లు భయంకరం. ఈ చట్టాన్ని తెలంగాణ పోలీసులు మామూలు నేరాలకు కూడా యథేచ్ఛగా వాడుతున్నారని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అమీనా బేగం కేసులో ఘాటుగా మందలించింది.

పాన్ డబ్బాల్లోని గుట్కా, నమిలే పొగాకు విషయంలో హద్దు మరో చోట గీశారు. ఆహార భద్రతా చట్టంలోని 30వ సెక్షన్ కింద కమిషనర్ ఒక ఆహార పదార్థాన్ని గరిష్ఠంగా ఏడాది పాటు నిషేధించవచ్చు. అందుకే గుట్కా నిషేధం ఏటేటా కొత్త ఉత్తర్వుతో పుడుతుంది. పోలీసులు మాత్రం దుకాణదారుల మీద భారతీయ శిక్షాస్మృతి సెక్షన్లు పెట్టి అరెస్టులు చేస్తూ వచ్చారు. ఆహార భద్రతా చట్టం కింది నేరాల మీద చర్య మొదలుపెట్టవలసింది ఆహార భద్రతాధికారి అనీ, ఆ శిక్షాస్మృతి సెక్షన్లు అక్కడ వర్తించవనీ 2018 ఆగస్టులో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు తీర్పు చెప్పింది. ఆహార భద్రతా చట్టం ఉన్నచోట శిక్షాస్మృతిలోని కల్తీ సెక్షన్లు నిలవవని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రామ్‌నాథ్ కేసులో అన్నది. బెల్లంలో ప్రశ్న ఉద్దేశానిదైతే, ఇక్కడ ప్రశ్న ఏ శాఖ అధికారి అన్నది. గుట్కాను సమర్థించేవారు అరుదు. అయినా దాన్ని పట్టుకోవడానికి ఎవరైనా రావచ్చన్న మాట చట్టం ఒప్పుకోలేదు.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి చేరాయి. ఒక్క కరీంనగర్ కలెక్టరును ప్రతివాదిగా చేర్చిన చోట ఇప్పుడు వేర్వేరు కలెక్టర్లను, ఎస్పీలను చేర్చవలసి వస్తున్నది. 2017 జూలై 1న వచ్చిన వస్తుసేవల పన్నుతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు కూడా ఎత్తేశారు. విడిగా అమ్మే బెల్లానికి ఆ పన్ను లేదు. పన్ను లేని సరుకుకు ఈ-వే బిల్లు, అంటే రవాణాకు ముందు కంప్యూటరులో తీయవలసిన అనుమతి పత్రం, అక్కరలేదు. రైతుకూ గానుగ యజమానికీ ఇది ఊరటే. అయితే రాత్రిపూట కోరుట్ల బైపాస్ దగ్గర లారీని ఆపిన ఎక్సైజ్ సిబ్బందికి చూపడానికి డ్రైవరు దగ్గర మార్కెట్ యార్డు చీటీ, దుకాణం బిల్లు తప్ప మరే సర్కారు కాగితమూ ఉండదు. నిలవ బెల్లం ఎంత కొన్నదీ, ఏ పశువుల షెడ్డుకు ఎంత అమ్మినదీ రోజువారీ పద్దు రాసిపెట్టుకోవడం అందుకే ఇటీవలి వ్యాపారికి తప్పనిసరి అయింది; కరోడ్‌గిరి కాలంలో నాకా గుమాస్తా రాసిన లెక్క ఇప్పుడు అతనే రాసుకుంటున్నాడు.